కంప్యూటర్ సైన్స్‌లో పరిశోధన పద్ధతులు: కోర్సా, ల్యాబా, అచ్చయిన పేపర్‌ని మళ్ళీ చేసి చూడడమా?

కంప్యూటర్ సైన్స్‌లో మాస్టర్స్‌కో పీహెచ్‌డీకో చేరినవాళ్ళు మొదటి సెమిస్టర్‌లోనే ఒక సందిగ్ధంలో పడతారు. పరిశోధన చేయడం ఎక్కడ నేర్చుకోవాలి? డిపార్ట్‌మెంట్ వాళ్ళు రీసెర్చ్ మెథడాలజీ కోర్సు తీసుకోమంటారు. సీనియర్లేమో ఆ కోర్సు దండగ, ల్యాబ్‌లో కూర్చుంటే అదే వస్తుందంటారు. ఆన్‌లైన్‌లో వెతికితే వీడియోలు, పుస్తకాలు, వారం రోజుల వర్క్‌షాపులు కుప్పతెప్పలుగా కనిపిస్తాయి. వీటిలో పూర్తిగా పనికిరానిది ఏదీ లేదు, కానీ అందరికీ ఒకే వరుసలో పనికొచ్చేది కూడా ఏదీ లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మెషిన్ లెర్నింగ్, సిస్టమ్స్, డేటాబేస్‌లు, నెట్‌వర్క్‌ల వంటి ప్రయోగాల మీద నడిచే రంగాల్లో ఉన్నవాళ్ళు ఒకే ఒక దారి ఎంచుకోవాల్సి వస్తే, అచ్చయిన పేపర్ ఒకటి తీసుకుని దాని ఫలితాలను మొదటి నుంచి తామే రాబట్టే ప్రయత్నం చేయాలి. అదీ, రాసింది చదివి తప్పులు పట్టే మనిషి ఒకరు పక్కన ఉన్నప్పుడు. కోర్సు దానితో పాటుగానో ఆ తర్వాతో తీసుకోవచ్చు. మనుషుల మీద అధ్యయనాలు చేసేవాళ్ళకి మాత్రం ఈ వరుస తలకిందులవుతుంది. సిద్ధాంతం వైపు ఉన్నవాళ్ళ సంగతి మళ్ళీ వేరు.

ముందు తేల్చుకోవాల్సింది: మీ వాదనకి ఎలాంటి రుజువు కావాలి?

కోర్సా ల్యాబా అన్న ప్రశ్న కంటే ముందు ఇంకో ప్రశ్న ఉంది. భౌతికశాస్త్రంలోనో మనస్తత్వశాస్త్రంలోనో ఉన్నట్టు కంప్యూటర్ సైన్స్‌కి ఒకే రకం పద్ధతి అంటూ లేదు. పీటర్ డెనింగ్ ఆధ్వర్యంలో ఏసీఎం (కంప్యూటర్ సైన్స్ వాళ్ళ అంతర్జాతీయ సంఘం) నియమించిన బృందం 1989లో ఇచ్చిన నివేదిక ఈ రంగంలో మూడు ధోరణులు కలిసి ఉన్నాయంది: గణితం నుంచి వచ్చిన సిద్ధాంతం, ప్రకృతి శాస్త్రాల నుంచి వచ్చిన ప్రయోగం, ఇంజనీరింగ్ నుంచి వచ్చిన డిజైన్. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఒకే అంతస్తులో పక్కపక్క గదుల్లో కూర్చున్న ముగ్గురు విద్యార్థులు ఈ మూడు ధోరణుల్లో పనిచేస్తుంటారు. ఒకరి దృష్టిలో రుజువంటే సిద్ధాంత నిరూపణ, ఇంకొకరికి లేటెన్సీ (జవాబు రావడానికి పట్టే సమయం) గ్రాఫ్, మూడో మనిషికి పాతికమంది వాడకందార్లతో చేసిన ఇంటర్వ్యూలు.

అందువల్ల మీరు చేయబోయే థీసిస్‌లో ఆఖరికి చెప్పదలుచుకున్న వాక్యం ఒకటి ఊహించి రాసుకోండి. "ఈ అల్గారిదమ్ ఇన్ని అడుగుల్లో ముగుస్తుంది" అన్నదా? "ఈ షెడ్యూలర్ పాతదాని కంటే వేగంగా నడుస్తుంది" అన్నదా? "కోడ్ రివ్యూ ఇలా చేస్తే ప్రోగ్రామర్లు ఎక్కువ తప్పులు పట్టుకుంటారు" అన్నదా? మొదటిదానికి నిరూపణ కావాలి. రెండోదానికి కొలతలు, పోల్చడానికి సరైన బేస్‌లైన్ కావాలి. మూడోదానికి మనుషులు, వాళ్ళ సమ్మతి, గణాంక విశ్లేషణ కావాలి. ఏ ఫలితం వస్తే ఆ వాక్యాన్ని కొట్టేస్తారో కూడా పక్కనే రాయండి. కొట్టేసే ఆ ఫలితం ఏదో రాయలేకపోతే టాపిక్ ఇంకా కుదరలేదని అర్థం. అప్పుడు ఏ కోర్సులో చేరినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

ఇక ఒక్కో దారీ చూద్దాం.

కోర్సు: పేరు చూడకండి, అసైన్‌మెంట్లు చూడండి

రీసెర్చ్ మెథడాలజీ పేరుతో నడిచే కోర్సులు రెండు రకాలు. విశ్వవిద్యాలయం మొత్తానికి కలిపి నడిపేది ఒకటి. కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంట్ తన విద్యార్థుల కోసం నడిపేది ఇంకొకటి. కామన్ కోర్సులో ప్రశ్నావళి తయారీ, శాంపిలింగ్, పరికల్పన పరీక్షలు, రిఫరెన్సులు రాసే తీరు ఉంటాయి. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ వాళ్ళకి, హెచ్‌సీఐ (మనుషులు కంప్యూటర్లను వాడే తీరు మీద పరిశోధన) వాళ్ళకి ఇవి నేరుగా అక్కరకొస్తాయి. కంపైలర్ల మీద పనిచేసే విద్యార్థికి వీటిలో సగం ఎప్పుడూ అవసరం పడవు. అతనికి నిజంగా కావాల్సినవి ఆ సిలబస్‌లో కనిపించవు.

ఏం కావాలో ఒక ఉదాహరణ. 2009లో మిట్కోవిచ్, ఆయన సహచరులు ఒక పేపర్‌లో చూపించిన విషయం పెర్ఫార్మెన్స్ కొలిచేవాళ్ళందరినీ ఉలిక్కిపడేలా చేసింది. ఒకే మెషిన్, ఒకే ప్రోగ్రామ్, ఒకే కంపైలర్. యునిక్స్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఆక్రమించే చోటు కాస్త పెరిగినా, ఆబ్జెక్ట్ ఫైళ్ళను లింక్ చేసే వరుస మారినా, ఓ3 ఆప్టిమైజేషన్ (ప్రోగ్రామ్‌ని వేగవంతం చేయమని కంపైలర్‌కి ఇచ్చే సెట్టింగ్) వల్ల లాభమా నష్టమా అన్న తీర్పే తారుమారు కావచ్చని తేలింది. మెమరీలో డేటా, కోడ్ కూర్చునే చోటు మారడమే దీనికి కారణం. యూజర్ పేరు పొడవైనా ఎన్విరాన్‌మెంట్ పరిమాణం మారుతుంది మరి. ఇలాంటి దొంగ ప్రభావాలను ఎలా పట్టుకోవాలో, ప్రయోగ పరిస్థితులను కావాలనే మార్చి మార్చి ఎందుకు కొలవాలో చెప్పే కోర్సు దొరికితే సిస్టమ్స్ విద్యార్థి దాన్ని వదులుకోకూడదు.

మంచి కోర్సుకీ మొక్కుబడి కోర్సుకీ తేడా అసైన్‌మెంట్లలో తెలిసిపోతుంది. మీ సొంత టాపిక్ మీద పరిశోధన ప్రశ్న రాయించి దాన్ని మూడు నాలుగు సార్లు తిరగరాయించేది, అచ్చయిన పేపర్‌కి విమర్శ రాయమనేది, నిజమైన డేటా ఇచ్చి విశ్లేషించమనేది అయితే ఒక సెమిస్టర్ పెట్టొచ్చు. "పరిశోధన రకాలను వివరింపుము" అన్న ధోరణిలో పరీక్ష ఉంటే క్రెడిట్ కోసం తీసుకోండి, నేర్చుకునేది వేరేచోట నేర్చుకోండి. కామన్ కోర్సు తప్ప వేరే గతి లేనివాళ్ళు ప్రతి అసైన్‌మెంట్‌నీ తమ ల్యాబ్ డేటా మీదే చేస్తామని అడగాలి. చాలామంది టీచర్లు సంతోషంగానే ఒప్పుకుంటారు.

కోర్సుని పూర్తిగా తీసిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను. ల్యాబ్‌లో ఎవరూ కూర్చోబెట్టి చెప్పని సంగతులు కొన్ని ఉంటాయి, వాటిలో మొదటిది గణాంకశాస్త్రం. రెండు క్లాసిఫయర్లను (డేటాని వర్గాలుగా విడదీసే ప్రోగ్రామ్‌లను) పదిహేను డేటాసెట్ల మీద నడిపి, ఎక్కువ చోట్ల ఏది గెలిస్తే అదే మేలని రాసేయడం ఇప్పటికీ కనిపిస్తుంది. అలాంటి పోలికకి విల్‌కాక్సన్ పరీక్ష, రెండుకు మించి ఉంటే ఫ్రీడ్‌మన్ పరీక్ష వాడమని డెమ్‌షార్ 2006లోనే వివరంగా రాశాడు. కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ అంటే ఏమిటి, ఇరవై పరీక్షలు చేస్తే అందులో ఒకటి ఊరికే గెలిచినట్టు ఎందుకు కనిపిస్తుంది, తేడా గణాంకపరంగా ఉందనడానికీ ఆ తేడా ఎవరికైనా పట్టేంత పెద్దది అనడానికీ మధ్య దూరం ఎంత అన్నవి ఒకరు బోర్డు మీద రాసి చెబుతుంటే వచ్చినంత తేలిగ్గా వీడియోలతో రావు. కనీసం నేను చూసినంతలో రాలేదు.

ల్యాబ్: అభిరుచి అబ్బుతుంది, దురలవాట్లూ అంటుకుంటాయి

ఏ ప్రశ్న మీద రెండేళ్ళు పెట్టొచ్చు, ఏది ఆర్నెల్లలో చప్పబడిపోతుంది? రివ్యూయర్ కోపంగా రాసిన మూడో పేరాకి ఏమని జవాబివ్వాలి? పని చేయని ఆలోచనని ఎప్పుడు వదిలేయాలి? వీటికి పుస్తకంలో జవాబు దొరకదు. గైడ్ పక్కన, సీనియర్ల మధ్య ఉండి చూసి నేర్చుకోవాలి. గైడ్ మీ డ్రాఫ్ట్ మీద ఎర్ర సిరాతో చేసిన దిద్దుబాట్లు ఒక సెమిస్టర్ పాఠాల కంటే ఎక్కువ నేర్పుతాయి. ల్యాబ్‌కి ఉన్న అసలు బలం ఇదే.

బలహీనత కూడా అక్కడే ఉంది. ల్యాబ్‌లో ఏది మామూలో అదే పద్ధతి అనుకుంటాం. ఒక్క రన్ నడిపి, ఒక్క అంకె టేబుల్‌లో పెట్టే ల్యాబ్‌లో చేరిన విద్యార్థికి అది తప్పని ఎవరు చెబుతారు? 2018లో హెండర్సన్ బృందం డీప్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్‌లో చేసిన ప్రయోగం తలుచుకోండి. ఒకే అల్గారిదమ్‌ని, ఒకే హైపర్‌పారామీటర్లతో (శిక్షణకి ముందే మనం పెట్టే సెట్టింగులతో), రాండమ్ సీడ్ (యాదృచ్ఛిక అంకెలు పుట్టించడానికి మొదట ఇచ్చే సంఖ్య) మాత్రమే మార్చి పదిసార్లు నడిపారు. ఆ పదింటిని అయిదేసి చొప్పున రెండు గుంపులు చేసి సగటు గీస్తే, రెండు వేర్వేరు అల్గారిదమ్‌లని నమ్మేటంత తేడాగా రెండు గీతలు వచ్చాయి. అంటే అయిదు సీడ్‌లతో "మా పద్ధతి మెరుగు" అని గీసిన గ్రాఫ్‌లో పద్ధతి గొప్పతనం ఎంతో, సీడ్ అదృష్టం ఎంతో తెలియదు. ఇలాంటి సంగతి బయటి నుంచి తెలియాల్సిందే, ల్యాబ్ లోపల కూర్చుంటే తెలియదు.

ల్యాబ్ ఎంచుకునే ముందు గైడ్ పేరుప్రఖ్యాతుల కంటే అక్కడి విద్యార్థులను అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. డ్రాఫ్ట్ ఇస్తే గైడ్ ఎన్నాళ్ళకి చదువుతారు? చివరి పేపర్ కోడ్ ఇప్పుడు తెరిచి నడిపిస్తే నడుస్తుందా? ఫలించని ప్రయోగాల రికార్డు ఎక్కడైనా ఉంటుందా? పేపర్ మీద పేర్ల వరుస ఎప్పుడు, ఎవరు నిర్ణయిస్తారు? ఈ చివరి ప్రశ్న అడగడానికి చాలామంది మొహమాటపడతారు. ముందే అడిగినవాళ్ళే తర్వాత హాయిగా ఉంటారు. కోడ్ గురించిన ప్రశ్నకి నవ్వుతూ "అది రాసినవాడు వెళ్ళిపోయాడు" అని జవాబొస్తే, ఆ ల్యాబ్‌లో ఆలోచనలు నేర్చుకోవచ్చు కానీ ప్రయోగ క్రమశిక్షణ వేరేచోట సంపాదించుకోవాలి.

పెద్ద ల్యాబ్‌లో మీకు రోజూ నేర్పేది నిజానికి మూడో ఏడాది పీహెచ్‌డీ సీనియర్. చిన్న ల్యాబ్‌లో గైడే నేర్పుతారు. సీనియర్ మంచివాడైతే పెద్ద ల్యాబే మేలు, లేకపోతే అక్కడ ఎవరికీ పట్టని మనిషిగా మిగిలిపోతారు.

మళ్ళీ చేసి చూడడం

ఇక నేను మొదట ఓటేసిన దారి. అచ్చయిన పేపర్‌లో ఒక టేబుల్‌నో ఒక గ్రాఫ్‌నో ఎంచుకుని, అదే ఫలితం మీకు వస్తుందో లేదో చూడడం. వినడానికి గుమాస్తా పనిలా ఉంటుంది. చేస్తేగానీ అందులో ఉన్న చదువు అర్థం కాదు.

పేపర్ చదివినప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది. కోడ్ రాయడానికి కూర్చున్నప్పుడు అసలు ఖాళీలు బయటపడతాయి. డేటాని శుభ్రం చేసేటప్పుడు ఏ వరుసలు తీసేశారు? లెర్నింగ్ రేట్ ఏ విలువల మధ్య వెతికారు? బేస్‌లైన్‌కి కూడా తమ పద్ధతికి చేసినంత ట్యూనింగ్ చేశారా, లేక వేరేవాళ్ళ పేపర్‌లోంచి అంకె ఎత్తిరాశారా? టెస్ట్ డేటా చూసి ఎక్కడ ఆపాలో నిర్ణయించారా? ఈ ప్రశ్నలు ఏ పుస్తకంలోనూ ఇంత పదునుగా ఎదురుకావు. ఇవి ఒకసారి తగిలాక మీరు ఏ పేపర్‌నైనా చదివే తీరే మారిపోతుంది.

ఇది ఎంత అవసరమో చెప్పడానికి రెండు అధ్యయనాలు చాలు. 2019లో ఫెరారీ డాక్రెమా, ఆయన సహచరులు పేరున్న సదస్సుల్లో వచ్చిన 18 న్యూరల్ రికమెండర్ పద్ధతులను (వాడేవాళ్ళకి నచ్చేవి సూచించే న్యూరల్ నెట్‌వర్క్ పద్ధతులను) పరిశీలిస్తే, తగినంత శ్రమతో మళ్ళీ రాబట్టగలిగినవి 7 మాత్రమే. ఆ ఏడింటిలో 6 పద్ధతులను, సరిగ్గా ట్యూన్ చేసిన పాత సాదా పద్ధతులే చాలా సందర్భాల్లో మించిపోయాయి. కోల్‌బర్గ్, ప్రోబ్‌స్టింగ్ 2016లో సిస్టమ్స్ రంగానికి చెందిన 601 పేపర్లను తిరగేశారు. కోడ్ ఆధారంగా ఫలితాలు చెప్పిన 402 పేపర్లలో, కోడ్ దొరికి అరగంటలోపు బిల్డ్ అయినవి (నడిపే ప్రోగ్రామ్‌గా మారినవి) మూడో వంతుకు మించలేదు. గమనించండి, అది బిల్డ్ కావడం గురించే. ఫలితాలు సరిపోయాయా అన్న ప్రశ్న దాకా వాళ్ళు వెళ్ళనే లేదు.

పేపర్ ఎంపికలోనే సగం పని ఉంది. మీ రంగంలో అందరూ తలుచుకునే మహా పేపర్ జోలికి వెళ్ళకండి. దానికి కావాల్సిన కంప్యూటర్లు మీ దగ్గర ఉండవు. డేటా అందరికీ అందుబాటులో ఉండాలి. చెప్పిన వాదన ఇరుగ్గా, స్పష్టంగా ఉండాలి. మీ దగ్గరున్న మెషిన్ మీద ఒక రన్ ఒక రాత్రిలో ముగియాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ పేపర్ మీ థీసిస్‌లో రేపు బేస్‌లైన్‌గా నిలబడేది అయితే చేసిన శ్రమ వృథా పోదు.

మొదలుపెట్టే ముందే, ఎంత దగ్గరగా వస్తే "సరిపోయింది" అంటారో కాగితం మీద రాసి తేదీ వేయండి. ఇది తప్పించుకోకూడని పని. ఫలితం చూశాక హద్దు గీస్తే మనసు ఎప్పుడూ తనకి అనుకూలంగానే గీస్తుంది. తర్వాత రచయితల కోడ్ ఉంటే దాన్ని యథాతథంగా నడపండి. అది పనిచేశాక పక్కన పెట్టి, పేపర్ మాత్రమే చూస్తూ మీ కోడ్ రాయండి. రెండు ఫలితాలకీ తేడా వచ్చిన చోట, పేపర్‌లో లేని సంగతి ఏదో కోడ్‌లో ఉందన్నమాట. ప్రతి రన్‌కీ కోడ్ వెర్షన్, సీడ్, లైబ్రరీల వెర్షన్లు, మెషిన్ వివరాలు దాచిపెట్టండి. కోడ్ వెర్షన్లు దాచే గిట్, ప్రోగ్రామ్ నడిచే వాతావరణాన్ని యథాతథంగా భద్రపరిచే డాకర్ వంటివి ఈ దశలోనే చేతికి అలవాటవుతాయి.

అంకెలు కలవకపోతే? మొదట అనుమానించాల్సింది మిమ్మల్నే. నూటికి తొంభై సార్లు డేటా విభజనలోనో కొలత సూత్రంలోనో చిన్న పొరపాటు దొరుకుతుంది అని ఏ లెక్కా లేకుండా అంటుంటారు. లెక్క ఎలా ఉన్నా సలహా మంచిదే. అయినా తేలకపోతే రచయితలకు రాయండి. "మీ ఫలితాలు రావడం లేదు" అని కాకుండా, "ఫలానా డేటాసెట్ మీద, ఫలానా సెట్టింగ్‌తో మాకు ఇంత వచ్చింది, మీరు స్టాప్ వర్డ్స్ (the, of లాంటి మామూలు పదాలు) తీసేశారా?" అని ఒకే ఒక్క నిర్దిష్టమైన ప్రశ్న అడిగితే జవాబొచ్చే అవకాశం ఎక్కువ.

ఈ దారికి ఒక ప్రమాదం ఉంది. పాత లైబ్రరీ వెర్షన్‌తో, దొరకని డ్రైవర్‌తో నెలల తరబడి కుస్తీ పట్టి, అదే పరిశోధన అనుకునేవాళ్ళు ఉంటారు. అందుకని గడువు పెట్టుకోండి. పది, పన్నెండు వారాలు దాటితే, ఎక్కడ ఆగిపోయిందో ఎందుకో నాలుగు పేజీల నివేదిక రాసి ముగించేయాలి. ఆ నివేదిక కూడా చదువే. ఇంకో లోటు ఏమిటంటే, వేరేవాళ్ళ ప్రశ్నకి జవాబు వెతకడం వస్తుంది గానీ కొత్త ప్రశ్న పుట్టించడం రాదు. దానికి ల్యాబ్ కావాల్సిందే.

ఒంటరిగా చేయడం ఇబ్బందిగా ఉంటే తోడు దొరికే చోట్లు ఉన్నాయి. 2011లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ సదస్సు ఒకదానిలో మొదలైన ఆర్టిఫాక్ట్ ఎవాల్యుయేషన్ ఇప్పుడు చాలా సదస్సులకు పాకింది. అంగీకారం పొందిన పేపర్ల కోడ్, డేటా పనిచేస్తున్నాయా అని ఒక కమిటీ పరీక్షించి బ్యాడ్జి ఇస్తుంది. ఈ కమిటీల్లో పీహెచ్‌డీ విద్యార్థులను విరివిగా తీసుకుంటారు. ఒక విడతలో మూడు నాలుగు పేపర్ల కోడ్ విప్పి చూసే అవకాశం, పైగా తోటి పరీక్షకుల అభిప్రాయాలు మన కళ్ళెదుటే. ఇంత లాభసాటి అవకాశం తెలిసి కూడా దరఖాస్తు చేయనివాళ్ళని చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. మెషిన్ లెర్నింగ్ వాళ్ళకి, అచ్చయిన పేపర్లను మళ్ళీ చేసి చూసే రీప్రొడ్యూసిబిలిటీ ఛాలెంజ్ 2018 నుంచి ఉంది.

సిద్ధాంతం వైపు ఉన్నవాళ్ళకి ఇదే పని ఇంకో రూపంలో ఉంటుంది. సిద్ధాంతం వాక్యం మాత్రం చదివి, పేపర్ మూసి, నిరూపణ మీరే రాయండి. తర్వాత ప్రతి షరతూ నిరూపణలో ఎక్కడ వాడారో గుర్తుపెట్టండి. ఒక షరతు తీసేసి, సిద్ధాంతం కూలిపోయే ప్రత్యుదాహరణ కట్టండి. కట్టలేకపోయారా, ఆ షరతు అక్కర్లేదేమో! చాలా కొత్త ఫలితాలు ఈ అనుమానంతోనే మొదలవుతాయి. ఈ శాఖలో వాళ్ళకి మెథడాలజీ కోర్సు ఐచ్ఛికమైతే వదిలేసి, ఆ సమయంలో ప్రాబబిలిటీ కోర్సు ఇంకొకటి తీసుకోమంటాను.

చదవడం, రివ్యూ రాయడం

రీడింగ్ గ్రూప్ ఖర్చు లేని దారి, పై వాటిలో దేనికైనా జోడించుకోవచ్చు. ఎలా చదవాలో తెలియనివాళ్ళు శ్రీనివాసన్ కేశవ్ 2007లో రాసిన రెండు పేజీల వ్యాసంలో చెప్పిన మూడు విడతల పద్ధతితో మొదలుపెట్టొచ్చు: మొదట అయిదు పది నిమిషాల్లో పైపైన, తర్వాత గంట పెట్టి సారం కోసం, చివరికి రచయిత స్థానంలో కూర్చుని ఆ పనిని మనసులో మళ్ళీ కడుతూ. ప్రతి పేపర్‌కీ మూడో విడత దాకా వెళ్ళనక్కర్లేదు, వెళ్ళకూడదు కూడా.

గ్రూప్‌లో ఒకరు స్లైడ్లు చూపిస్తుంటే మిగతావాళ్ళు వింటూ కూర్చోవడం వల్ల ఉపయోగం తక్కువ. అందరూ ముందుగా ఒక పేజీ రివ్యూ రాసుకురావాలి. ఐసీఎల్‌ఆర్ అనే మెషిన్ లెర్నింగ్ సదస్సుకి వచ్చిన పేపర్లు, వాటి మీద రివ్యూలు ఓపెన్‌రివ్యూ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తాయి, తిరస్కరించినవి కూడా. వాటిలో ఒకటి ఎంచుకుని, అక్కడి రివ్యూలు చూడకుండా మీ రివ్యూ రాసి, తర్వాత పోల్చి చూసుకోండి. అనుభవజ్ఞుడు పట్టిన లోపం మీకు ఎందుకు కనిపించలేదో తెలుస్తుంది.

అలాగని ఆ రివ్యూలను వేదంలా తీసుకోవద్దు. ఇప్పుడు న్యూరిప్స్ అని పిలిచే మెషిన్ లెర్నింగ్ సదస్సువాళ్ళు 2014లో 166 పేపర్లను రెండు కమిటీలకు విడివిడిగా ఇచ్చారు. 43 పేపర్ల మీద రెండు కమిటీలూ ఎదురెదురు తీర్పులిచ్చాయి. మొదటి పేపర్ తిరిగొచ్చినప్పుడు కుంగిపోయేవాళ్ళకి ఈ అంకె చెబుతుంటాను.

లిటరేచర్ సర్వే గురించి ఒక మాట. కిచెన్‌హామ్ 2004లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ కోసం రాసిన సిస్టమాటిక్ రివ్యూ పద్ధతి కట్టుదిట్టమైనది: వెతికే పదాలు, చేర్చే, తీసేసే నియమాలు అన్నీ ముందే రాసిపెట్టుకోవాలి. కానీ మొదటి ఏడాది విద్యార్థి పూర్తిస్థాయి సిస్టమాటిక్ రివ్యూకి పూనుకుంటే నెలలు హరించుకుపోతాయి. అయిదారు మంచి పేపర్లతో మొదలుపెట్టి, అవి ఎవరిని ఉటంకించాయో, వాటిని ఎవరు ఉటంకించారో చూసుకుంటూ ముందుకీ వెనక్కీ నడిస్తే చాలావరకు సరిపోతుంది. సర్వేనే థీసిస్‌లో ప్రధాన భాగం అయితే తప్ప పెద్ద పద్ధతి అక్కర్లేదు.

వీడియోలు, వర్క్‌షాపులు, ఏఐ సహాయకులు

వీటి మీద ఎక్కువ చెప్పేదేమీ లేదు. పేపర్లు కూర్చే లేటెక్ నేర్చుకోవడానికో, ఆర్ భాషలో గ్రాఫులు గీయడానికో, మర్చిపోయిన గణాంకాలు గుర్తుచేసుకోవడానికో వీడియోలు భేషుగ్గా పనికొస్తాయి. వాటిలో లేనిది ఒక్కటే, మీ తప్పు మీకు చూపించే మనిషి. వారం రోజుల వేసవి వర్క్‌షాపులో పాఠాల కంటే పరిచయాలు విలువైనవి, అందుకైతే వెళ్ళండి.

ఏఐ చాట్‌బాట్‌లు పేపర్ సారాంశం గడగడా చెప్పేస్తాయి. లేని పేపర్లను ఉన్నట్టు, రచయితల పేర్లతో సహా పుట్టించడం వాటికి ఉన్న జబ్బు. అసలు పేపర్ తెరిచి చూడకుండా అవి ఇచ్చిన ఏ రిఫరెన్సునీ థీసిస్‌లో పెట్టకండి. మీ డ్రాఫ్ట్ ఇచ్చి "కఠినమైన రివ్యూయర్‌లా లోపాలు చెప్పు" అనడం వరకు బాగానే ఉంటుంది, ముందు మీ విమర్శ మీరు రాసుకున్నాక. పరిశోధన ప్రశ్నని వాటి చేత రాయించుకుంటే మాత్రం, నేర్చుకోవాల్సిన పనినే బయటికి ఇచ్చేసినట్టు. డ్రాఫ్ట్‌లో ఇంకా అచ్చుకాని ఫలితాలు ఉంటే, దాన్ని బయటి సేవకి ఇవ్వొచ్చో లేదో ముందు గైడ్‌ని అడగండి.

ఎవరికి ఏది

హెచ్‌సీఐ, సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌లో మనుషులతో అధ్యయనం చేసేవాళ్ళు కోర్సుతో మొదలుపెట్టాలి, ఇందులో బేరం లేదు. కారణం సూటిగా ఉంది: ఎథిక్స్ కమిటీ అనుమతి డేటా సేకరించాక తెచ్చుకుందామంటే కుదరదు. అడగాల్సిన ప్రశ్న తప్పుగా అడిగి నలభైమందిని ఇంటర్వ్యూ చేస్తే, వాళ్ళని మళ్ళీ పిలవలేరు. కోడ్ అయితే రాత్రికి రాత్రి మళ్ళీ నడుపుకోవచ్చు. ఇంకా, విన్నవి విన్నట్టు నమ్మేయడం ఈ రంగంలో ఎక్కువ. "అయిదుగురు వాడకందార్లు చాలు" అని జేకబ్ నీల్సన్ 2000లో ప్రాచుర్యంలోకి తెచ్చిన మాట ఒక ఇంటర్‌ఫేస్‌లో లోపాలు వెతకడానికి సంబంధించింది. రెండు ఇంటర్‌ఫేస్‌లలో ఏది వేగవంతమో తేల్చడానికి అయిదుగురు ఏ మూలకీ సరిపోరు. ఎంతమంది కావాలో ముందే లెక్కకట్టడం కోర్సులో నేర్పుతారు.

ఒక ఏడాదిలో ముగించాల్సిన మాస్టర్స్ థీసిస్ చేసేవాళ్ళకి అన్నీ చేసే తీరిక ఉండదు. మొదటి మూడు నెలలు ఒక పేపర్‌ని మళ్ళీ చేసి, ఆ తర్వాత దానిలో ఒక్క అంశం మార్చి ఏమవుతుందో చూడడమే థీసిస్‌గా మలుచుకుంటే క్షేమం. కొత్త అల్గారిదమ్ కనిపెట్టాలన్న ఉబలాటంతో మొదలుపెట్టి, ఎనిమిదో నెలలో బేస్‌లైన్ కోసం వెతుక్కునే థీసిస్‌లు ఏటా కనిపిస్తూనే ఉంటాయి.

పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నవాళ్ళకి తొందర లేదు. ల్యాబ్‌లో కూర్చుంటూనే మొదటి సెమిస్టర్‌లో పేపర్‌ని మళ్ళీ చేయడం, రెండో సెమిస్టర్‌లో గణాంకాలు గట్టిగా చెప్పే కోర్సు, ఏడాది పొడవునా రివ్యూలు రాసే గ్రూప్. ఈ వరుసకి కారణం ఉంది. సొంత డేటా చేతిలో ఉండి, అది ఎందుకు ఇలా ఊగిసలాడుతోందని తల పట్టుకున్న మనిషికి వేరియన్స్ గురించిన పాఠం ఒక్కసారికే ఎక్కుతుంది. అదే పాఠం ముందు వింటే పరీక్ష దాకానే గుర్తుంటుంది. సాధ్యమైతే మీ గైడ్ కాకుండా వేరే ల్యాబ్ టీచర్ నడిపే కోర్సు ఎంచుకోండి. మీ ల్యాబ్ అలవాట్లను ప్రశ్నించే గొంతు ఇంకొకటి ఉంటుంది.

ఉద్యోగం చేస్తూ పార్ట్ టైమ్‌లో చదివేవాళ్ళ పరిస్థితి అన్నిటికంటే కష్టం. ల్యాబ్‌లో కూర్చునే వీలుండదు, కారిడార్‌లో దొర్లే మాటలు వాళ్ళ చెవిన పడవు. వీళ్ళకి ఆర్టిఫాక్ట్ కమిటీలు, ఓపెన్‌రివ్యూ అభ్యాసం బాగా నప్పుతాయి, రెండూ ఇంటి నుంచి చేసుకోవచ్చు. పరిశ్రమలో పనిచేస్తున్నవాళ్ళకి అసలైన డేటా, అసలైన సిస్టమ్‌లు అందుబాటులో ఉంటాయి, అది ఇతరులకు లేని వరం. కానీ ఆ డేటా మీద ఫలితాలు ప్రచురించుకోవచ్చో లేదో కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకున్నాకే టాపిక్ ఖాయం చేసుకోవాలి. గైడ్‌తో నెలకోసారి గంట మాట్లాడడం కంటే, వారానికోసారి ఒక పేజీ రాసి పంపి, రెండు వాక్యాల జవాబైనా ఇమ్మని ఒప్పించుకోవడం మేలు. ఆ పేజీలో ఈ వారం ఏమనుకున్నారు, ఏం జరిగింది, ఏది అనుకున్నట్టు రాలేదు, వచ్చే వారం దాన్ని ఎలా పరీక్షిస్తారు అన్నవి ఉంటే చాలు.